తలనొప్పి, జ్వరం, మెడ పట్టు: పెద్ద పిల్లల తల్లిదండ్రులకు



పసిబిడ్డకు జ్వరం వస్తే తల్లి ఆ రాత్రే ఎత్తుకొని వస్తుంది. అదే తల్లి, ఇంటర్ చదివే కొడుకు తల పగిలిపోతున్నదంటే "మాత్ర వేసుకొని పడుకో నాయనా, తెల్లారినాక చూద్దాం" అంటుంది. పెద్దవాడయ్యాడు గదా అని ధీమా. మెనింజైటిస్ విషయంలో ఆ ఒక్క రాత్రి ఆగడమే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఈసారి పదమూడు నుండి పంతొమ్మిదేళ్ల పిల్లలున్న ఇళ్ల కోసం వ్రాస్తున్నాము.

మెదడును, వెన్నుపామును కప్పుతూ మూడు పలుచని పొరలు ఉంటాయి. వాటి నడుమ తేటనీళ్ల వంటి ద్రవం తిరుగుతూ ఉంటుంది. క్రిములు అక్కడికి చేరి పొరలు వాచిపోవడమే మెనింజైటిస్. మన ఊళ్లలో దీన్ని కూడా మెదడువాపు అనే అంటారు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో 183 మంది పిల్లలను బలిగొన్న చండీపుర వైరస్ జబ్బు, దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు మెదడుకే వచ్చేవి. ఇది పొరలకు వచ్చేది. ఇంట్లోవారు ఈ తేడా తేల్చనక్కరలేదు. రెండింటికీ ఆసుపత్రికే రావాలి.

గమనించవలసినవి ఇవి. జ్వరంతో పాటు ఎన్నడూ లేనంత తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మెడ బిగుసుకొనిపోవడం. గడ్డం ఛాతీకి ఆనించమని అడగండి. నొప్పితో ఆనించలేకపోతే అనుమానించాలి. ఆనించగలిగినంత మాత్రాన జబ్బు లేదని అనుకోవద్దు. మెడ పట్టక ముందే మగతగా పడి ఉండడం, పొంతన లేకుండా మాట్లాడడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. ఒంటిమీద ఎర్రని లేక ఊదారంగు మచ్చలు వచ్చి, గాజుగ్లాసుతో అదిమినా మాయం కాకపోతే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. మన చామనచాయ ఒంటిమీద ఆ మచ్చలు సరిగా కనిపించవు గనుక అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపల చూడండి.

మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఇదంతా ఎండదెబ్బ అనుకుంటారు. మిగతా నెలల్లో పరీక్షల భయం, సెల్‌ఫోన్ చూడడం, దిష్టి అంటారు. ఆడపిల్ల అర్థం లేకుండా మాట్లాడితే గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారు ఉన్నారు, మన విశ్వాస కుటుంబాల్లో కూడా. ప్రార్థన చేయండి, మేమూ చేస్తాము. కానీ 108లో కూర్చొని చేయండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, నీళ్లు పోయడం వద్దు. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి, కడపలో రిమ్స్ ఉన్నాయి. పులివెందుల పల్లెల నుండి కడప చేరడానికి గంటన్నర పైన పడుతుంది. తెలిసిన డాక్టరుకు ఫోను చేసి, బంధువులందరూ వచ్చేదాకా చూసి బయలుదేరితే ఆ గంటన్నర నాలుగు గంటలవుతుంది.

బాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌లో సుమారు ఆరుగురిలో ఒకరు చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వైరస్ వల్ల వచ్చేది చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఏది ఏమిటో ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. చెప్పేది వెన్నునీరు పరీక్ష. ఇక్కడే మాకు కుటుంబాలతో ఎక్కువ వాదన జరుగుతుంది. "వెన్నులో నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయమ్మా, మా ఊళ్లో ఒకాయనకు అట్లే అయ్యింది" అని సంతకం పెట్టరు. ఆ ఒకాయనకు కాళ్లు తీసింది జబ్బే అయ్యుండాలి, సూది కాదు.

వెన్నుపాము పెద్దవారిలో నడుము పైభాగానికే ముగుస్తుంది. సూది గుచ్చేది దాని కింద, నీళ్లు మాత్రమే ఉన్న చోట. అమ్మలారా, సిజేరియన్ కోసం మీ నడుములో మత్తు సూది వేశారు కదా, అదే చోటు. మీరు నడుచుకుంటూనే ఇంటికి వెళ్లారు. తీసేది కొద్ది మిల్లీలీటర్లు. ఒంట్లో రోజుకు సుమారు అర లీటరు కొత్తగా ఊరుతుంది గనుక తీసినది ఒకటి రెండు గంటల్లో నిండుతుంది. తరువాత కొందరికి తలనొప్పి వస్తుంది, పడుకొని నీళ్లు బాగా తాగితే చాలావరకు తగ్గుతుంది. 1891లో జర్మనీలో క్వింకే అనే డాక్టరు మొదలుపెట్టిన ఈ పరీక్షను నేటికీ ప్రపంచమంతా చేస్తున్నారు. స్పృహ తప్పినవారికి, ఫిట్స్ వచ్చినవారికి ముందుగా సి.టి. స్కాన్ అడగవచ్చు. అప్పుడు కూడా యాంటీబయోటిక్ మొదటి మోతాదు స్కాన్ కోసం ఆగదు.

ఆ నీటిలో చక్కెర, ప్రొటీను, కణాలు చూస్తారు. టి.బి. అనుమానం ఉంటే సీబీనాట్ యంత్రం సుమారు రెండు గంటల్లో జవాబు ఇస్తుంది. ఊళ్లో రెండు రోజులు యాంటీబయోటిక్ సూదులు వేయించుకొని వస్తే క్రిమి దొరకడం కష్టమవుతుంది గనుక, ఏ మందు వాడారో ఆ చీటీ తెచ్చి చూపండి. దాచవద్దు, మేము కోప్పడము.

టి.బి. అన్నాము గదా, మన దేశంలో దానిని మరువరాదు. టి.బి. మెనింజైటిస్ పరుగెత్తుకొని రాదు. రెండు మూడు వారాలు సన్నజ్వరం, తలనొప్పి, అన్నం సయించకపోవడం, చిరాకు, చదువులో వెనుకబడడం. తరువాత వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, మెల్లకన్ను. హాస్టల్‌లో ఉన్నవాడైతే వార్డెన్‌కు బద్ధకంగా కనిపిస్తాడు, ఇంట్లోవారికి ప్రేమ వ్యవహారంగా కనిపిస్తుంది! పసితనంలో వేసిన బి.సి.జి. ఈ వయస్సు వరకు గట్టిగా కాపాడుతుందని చెప్పలేము. ఈ జబ్బు తేలితే ఇంట్లో దగ్గుతున్న తాతయ్యకు కూడా కళ్లె పరీక్ష చేయించండి.

చెవి కారుతున్న పిల్లలను నిర్లక్ష్యం చేయవద్దు; ఆ చీము లోపలికి పాకి పొరలకు చేరవచ్చు. బండిమీద పడి తలకు దెబ్బ తగిలి, ముక్కులోనుండి తేటనీళ్లు కారుతుంటే జలుబు అనుకోవద్దు. బావిలో, కాలువలో ఈత కొట్టిన కొద్ది రోజులకే జబ్బు చేస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. కేరళలో 2024, 2025 సంవత్సరాలలో అమీబా వల్ల వచ్చిన మెదడు జబ్బు గురించి వినే ఉంటారు.

ఇప్పటి పెద్ద పిల్లలలో చాలామందికి ఈ క్రిములపై టీకాలు పడలేదు. హిబ్ కలిసిన పెంటావాలెంట్ 2011 చివర కేరళ, తమిళనాడులలో మొదలై ఆ తరువాత మిగతా రాష్ట్రాలకు వచ్చింది. న్యుమోకాకల్ టీకా దేశమంతటికీ విస్తరించింది 2021లో. మెనింగోకాకల్ టీకా ప్రభుత్వ పట్టికలో అందరికీ లేదు. హజ్ యాత్రికులకు తప్పనిసరి, అమెరికాలో చాలా కాలేజీలు అడుగుతాయి. ప్లీహం తీసివేసిన పిల్లలకు తప్పక అడగండి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వంటి చోట, జూనియర్ కాలేజీ హాస్టళ్లలో ఒకే గదిలో ఉండేవారికి ఈ క్రిమి తుంపరల ద్వారా అంటుతుంది. అది మెనింగోకాకస్ అని తేలితే రోగితో గదిలో ఉన్నవారికి, ఇంట్లోవారికి ముందుజాగ్రత్త మందు ఇస్తారు. ఊరంతా మింగనక్కరలేదు.

తగ్గినాక కూడా పని ఉంటుంది. టి.బి. రకానికి మందులు సుమారు ఏడాది పాటు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఒళ్లు బాగుపడిందని మూడో నెలలో ఆపవద్దు. బాక్టీరియా రకం తగ్గినవారికి నాలుగు వారాల లోపల వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే పలకడం లేదని పిల్లవాడిని కసిరే ముందు ఆ పరీక్ష అయ్యిందో లేదో చూసుకోండి.