గుండెపోటు ముప్పును రక్తం ముందే ఎలా చెబుతుంది?

2021 జనవరి 2. కోల్‌కతాలో ఇంట్లో వ్యాయామం చేస్తుండగా మాజీ క్రికెటర్ సౌరవ్ గంగూలీకి గుండెపోటు వచ్చింది. వయసు 48. ఉడ్‌ల్యాండ్స్ ఆసుపత్రిలో చూస్తే గుండెకు రక్తం అందించే మూడు ధమనుల్లోనూ పూడికలు! అదే నెలలో అన్న స్నేహాశీష్‌కూ యాంజియోప్లాస్టీ చేశారు. ఏళ్ల తరబడి మైదానంలో పరుగులు తీసిన మనిషికి ఇలా ఎందుకైంది?

పూడిక ఒక్కరోజులో పుట్టేది కాదు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) కణాలు ధమని గోడలోకి దూరి అక్కడే చిక్కుకుంటాయి. వాటిని తొలగించడానికి వచ్చిన తెల్లరక్తకణాలు ఆ కొవ్వును మింగి అక్కడే చనిపోతాయి. అలా ఏళ్లపాటు పేరుకున్న గుట్ట మీది పొర ఒకనాడు చిట్లుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అప్పటిదాకా నొప్పి తెలియకపోవచ్చు. అందుకే రక్తాన్ని అడగాలి.

చేరుతున్న సరుకెంతో ఎల్‌డీఎల్ చెబుతుంది. లోపల రగులుతున్న ఇన్‌ఫ్లమేషన్ (వాపు) సంగతి హెచ్ఎస్-సీఆర్‌పీ అనే పరీక్ష చెబుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ. కాకపోతే జలుబు చేసినా ఇది పెరుగుతుంది, కాబట్టి ఒంట్లో బాగాలేనప్పుడు చేయించుకోకండి.

నా దృష్టిలో మనం బాగా నిర్లక్ష్యం చేస్తున్నది మూడోది, లైపోప్రోటీన్-ఎ. 1963లో నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ దీన్ని గుర్తించారు. ఇది పుట్టుకతో వచ్చేది. పథ్యానికీ నడకకూ దాదాపు లొంగదు. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో కనిపించదు. కోల్‌కతా కేంద్రంగా పనిచేసే కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు జీవితంలో ఒక్కసారైనా దీన్ని పరీక్ష చేయించుకోమన్నాయి. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువే. దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు మిగతా ప్రపంచం కన్నా ఐదారేళ్లు ముందే వస్తోంది కాబట్టి ఈ సలహా మనకు మరీ అవసరం.

అమెరికాలో దాదాపు 28 వేల మంది ఆరోగ్యవంతులైన స్త్రీల రక్తంలో ఈ మూడింటినీ కొలిచి, 30 ఏళ్లు వాళ్ల ఆరోగ్యాన్ని గమనించారు. ప్రతి సూచికా దానికదే ముప్పును చూపింది. మూడూ ఎక్కువున్నవాళ్లకు ముప్పు అందరికన్నా హెచ్చు.

ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష వీటికన్నా వేరు. ముప్పును ముందే కాదు, గుండె కండరం ఇప్పటికే దెబ్బతిన్నదని చెప్పేది అది. ఛాతీనొప్పి వస్తే ల్యాబ్‌కు కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

లైపోప్రోటీన్-ఎ ఎక్కువుంటే డాక్టరు ఎల్‌డీఎల్‌ను ఇంకా కిందికి దించుతారు, బీపీ, షుగరు అదుపులో పెడతారు, పొగ మాన్పిస్తారు. ఆ రిపోర్టును మీ దగ్గరే దాచుకోకండి. తోబుట్టువులకు, పిల్లలకు చూపించి, వాళ్లనూ ఒకసారి పరీక్ష చేయించుకోమనండి.