తూర్పున ఇల్లు, పడమట ఆఫీసు: గంటకు ఎంత పడుతుంది?

2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో కోకాపేట నియోపోలిస్‌ భూమి ఒకటి ఎకరా 100.75 కోట్లకు పోయింది. ఎకరాకు 4,840 గజాలు కాబట్టి గజం దాదాపు 2 లక్షల 8 వేలు. ఆ భారం అక్కడ లేచే టవర్లలో ప్రతి చదరపు అడుగు మీదా పడుతుంది. హైదరాబాద్‌ చుట్టూ తిరిగే 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్‌ మీద అటు పడమట కోకాపేట ఉంది, ఇటు తూర్పున ఘట్‌కేసర్‌ ఉంది. రోడ్డు ఒకటే అయినా, మధ్యతరగతి కుటుంబం మోయగలిగిన ధర ఇంకా తూర్పునే దొరుకుతోంది. అయితే ఆఫీసు పడమట ఉన్నప్పుడు ఆ చవక నిజంగా ఎంత చవక? నోటి లెక్కలు వదిలి కాగితం మీద వేసి చూద్దాం.

రెండు ఫ్లాట్లు అనుకుందాం. రెండూ 1,200 అడుగులవే. తూర్పున అడుగు 5,500 చొప్పున 66 లక్షలు, పడమట అడుగు 9,000 చొప్పున కోటీ 8 లక్షలు. ఇవి లెక్క కోసం తీసుకున్న ధరలు. మీరు చూసిన ఇళ్ల ధరలు వేసుకుంటే మీ లెక్క వస్తుంది. తేడా 42 లక్షలు. ఆ మొత్తం 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు అప్పు తెస్తే ఈఎంఐ నెలకు సుమారు 36,450.

ఇక ప్రయాణం. తూర్పు ఇంటి నుంచి ఆఫీసు 35 కిలోమీటర్లు, గంటన్నర. పడమటి ఇంటి నుంచి 10 కిలోమీటర్లు, 40 నిమిషాలు. అంటే పోనూ రానూ రోజుకు 50 కిలోమీటర్లు, 100 నిమిషాల తేడా. ఏడాదికి 240 పనిదినాలైతే 400 గంటలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారులో, లీటరు 107 చొప్పున, పెట్రోలు ఖర్చు నెలకు 7,130 పెరుగుతుంది. ఈఎంఐ తేడాలోంచి దీన్ని తీసేస్తే 29,300 మిగిలింది. ఏడాదికి మూడున్నర లక్షలు. దాన్ని 400తో భాగిస్తే 880. పడమట ఇల్లు కొన్నవాళ్లు రోడ్డు మీద ఆదా అయ్యే ఒక్కో గంటకూ 880 రూపాయలు కడుతున్నారన్నమాట.

ఎక్కువా తక్కువా అన్నది ఆ ఇంట్లో ఎవరెవరు ఎక్కడికి వెళ్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు వేళల్లో, వేర్వేరు బండ్లలో పడమటికే వెళ్తుంటే ఆదా 800 గంటలు, పెట్రోలు రెండింతలు. అప్పుడు గంట 333కు దిగుతుంది. నా మాట అడిగితే, ఆ జంట తాహతుంటే పడమటే చూసుకోవాలి. ఒక్కరే వెళ్తూ, అదీ వారానికి రెండు రోజులే ఆఫీసుకు రమ్మంటే, గంట 2,500 దాటుతుంది. అంత పోసి కొనక్కర్లేదు. ఇద్దరిలో ఒకరి పని పోచారంలోనో సికింద్రాబాద్‌లోనో ఉంటే తూర్పే నయం. ఇల్లు మారనక్కర్లేకుండా అదే ఫ్లాటు ఒకరికి చవకవుతుంది, ఇంకొకరికి భారమవుతుంది. బ్రోచర్‌లో చదరపు అడుగు రేటు ఒక్కటే ఉంటుంది, అందుకే అది ఎటూ తేల్చదు.

ఈ లెక్కంతా కారున్నవాళ్లది. ఇంట్లో కారు నడపనివాళ్లను ముందు లెక్కలోకి తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను: ట్యూషన్‌కు వెళ్లే అమ్మాయి, ఆసుపత్రికి వెళ్లే అత్తగారు, ఇంటిపనికి వచ్చే మనిషి. 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్‌. కాబట్టి గేటు నుంచి బస్టాపు నడిచి చేరేంత దూరంలో ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ల రాకపోకలకు పైసా ఖర్చు లేదు. ఓఆర్‌ఆర్‌ సర్వీసు రోడ్డు పక్కన పెద్ద గేటెడ్‌ కమ్యూనిటీలో ఉండి, పాలప్యాకెట్‌కూ బండి తీయాల్సి వస్తే ఆ సౌకర్యం కాగితం మీదే.

తూర్పుకు మెట్రో పెద్ద అండ. నాగోల్‌ నుంచి రాయదుర్గం దాకా ఒకటే లైను, మధ్యలో మారే పని లేదు. పీర్జాదిగూడ, బోడుప్పల్‌ వాళ్లు ఉప్పల్‌లో ఎక్కితే హైటెక్‌సిటీలోనే దిగొచ్చు. కానీ ఉప్పల్‌ దాకా చేరడమే గండం: ఉప్పల్‌–నారపల్లి ఎలివేటెడ్‌ కారిడార్‌ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. రాబోయే రోడ్డు పేరు చెప్పి ఇవాళే ధర అడిగితే ఇవ్వొద్దు. ఉత్తరాన కొంపల్లి, మేడ్చల్‌ది కూడా కొంతవరకు ఇదే కథ. మేడ్చల్‌కు 2023 ఏప్రిల్‌లో, ఘట్‌కేసర్‌కు 2024 మార్చిలో ఎంఎంటీఎస్‌ వచ్చింది. స్టేషన్‌ ఎంత దగ్గరన్నది కాదు, మీ షిఫ్టు వేళకు రైలుందా అన్నది చూడాలి. దక్షిణాన శంషాబాద్, ఆదిభట్ల అక్కడే పని చేసేవాళ్లకు బాగుంటాయి, మిగతావాళ్లకు దూరాభారం.

ఏ దిక్కునైనా చివరికి అందరూ గొడవపడేది నీళ్ల దగ్గరే. తలకు రోజుకు 135 లీటర్లన్నది పట్టణాలకు పెట్టుకున్న ప్రమాణం. వంద ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 54,000 లీటర్లు. బోర్లు ఎండి, జలమండలి నల్లా లేకపోతే అది 5,000 లీటర్ల ట్యాంకర్లు పదకొండు. కొనేముందు ఆ అపార్ట్‌మెంట్‌ అసోసియేషన్‌ను ఏప్రిల్, మే నెలల ట్యాంకర్‌ బిల్లులు అడగండి. వాచ్‌మన్‌ గదిలో రిజిస్టరు ఉంటుంది: తేదీ, బండి నంబరు, ఎన్ని ట్రిప్పులు, ఎవరి సంతకం. ఒక్కో పేజీలో ఎన్ని వరుసలు నిండాయో చూస్తే ఎండాకాలం మెయింటెనెన్స్‌ ఎంత పెరుగుతుందో అర్థమైపోతుంది. అలాగే ఆ సర్వే నంబరు చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు (ఎఫ్‌టీఎల్‌)లోకి గానీ దాని చుట్టూ ఉండే బఫర్‌లోకి గానీ వస్తుందేమో చూడాలి. 2024లో హైడ్రా వచ్చి కూల్చివేతలు మొదలయ్యాక ఎన్ని ఇళ్లవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారో చూశాం.

ఇంకా తేలకపోతే, మనసుపడిన చోట 11 నెలల అగ్రిమెంటు మీద అద్దెకు దిగడం మేలు. కోటీ 8 లక్షల ఫ్లాటుకు 7.5 శాతం చొప్పున రిజిస్ట్రేషన్‌ ఖర్చే 8 లక్షల 10 వేలు. అమ్మి వేరే దిక్కుకు మారాలంటే ఆ డబ్బు వెనక్కి రాదు, కొత్త ఇంటికి మళ్లీ కట్టాల్సిందే.