‘దేశ్’ నృత్యరూపకం

లండనులో బంగ్లాదేశీయ దంపతులకు 1974లో జన్మించిన అక్రమ్ ఖాన్ చిన్ననాడే కథక్ నేర్చినారు. పిమ్మట పాశ్చాత్య నృత్యం అభ్యసించినారు. ఇంట ఒక లోకం, వీధిలో మరొక లోకం. ఈ రెంటి నడుమ పెరిగిన మనస్సును రంగస్థలం మీద చూపడం ఎట్లా? 2011లో ఆయన రూపొందించిన ‘దేశ్’ ఈ ప్రశ్నకు సమాధానం వెదికినది. పేరుకు అర్థం చెప్పనక్కరలేదు. మన ‘దేశం’ అన్న మాటే అది.

రంగం మీద నర్తకుడు ఒక్కడే. కథలోనో, తండ్రితో తగవుపడే కొడుకూ కావలె, ఆ తండ్రీ కావలె. ఇందుకు ఆయన పన్నిన ఉపాయం మెచ్చదగినది. నున్నని నడినెత్తి మీద కన్నులూ నోరూ చిత్రించుకొన్నారు. తల వంచితే వంటవాడైన తండ్రి ముఖం, ఎత్తితే కొడుకు. వేషం మార్చుటకు తెర చాటుకు పోవలసిన పని లేదు! అంతకంటె ముఖ్యం, ధిక్కరించే కొడుకు తలలోనే తండ్రి ఉన్నాడన్న సంగతి మాటలతో చెప్పవలసిన అవసరం కలుగలేదు.

అయితే ఏకపాత్ర నృత్యమంటే ఏకాకి కృషి కాదు. నిర్మాత ఫరూఖ్ చౌదరితో కలిసి 2000లో స్థాపించుకొన్న సొంత సంస్థ ఆయనకు అండగా ఉన్నది. రంగాలంకరణ టిమ్ యిప్‌ది, సంగీతం జోసెలిన్ పూక్‌ది, దీపాల కూర్పు మైకేల్ హల్స్‌ది. రచనలో కవయిత్రి కార్తికా నాయర్ పాలుపంచుకొన్నారు.

ఒక ఘట్టంలో కథానాయకుడు లండనులో పెరుగుతున్న మేనకోడలికి తాతల నేలను గురించి చెప్పబోతాడు. ఆ పిల్లకు అదేమీ పట్టదు. తెర మీద గీతల అడవి లేస్తుంది. చెట్లెక్కుతూ, ఏనుగును చూపుతూ అతడు కథ చెప్తాడు. తండ్రి మాట పెడచెవిని పెట్టినవాడే నేడు మేనకోడలిని వినమని బతిమాలుతున్నాడు.