ఇద్దరి ప్రయాణానికి ఎన్ని మజిలీలు?

పూర్వం ప్రయాణమంటే మజిలీల లెక్క. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తన యాత్రాచరిత్రలో ఏ ఊళ్ళో దిగిందీ, అక్కడ నీటి వసతి ఎలా వున్నదీ, అంగళ్ళలో ఏ వస్తువులు దొరికిందీ ఓపికగా రాసుకుంటూ పోయారు. ఆయన వెంట సుమారు నూరుమంది పరివారం వున్నారు. అంత బలగం వున్న మనిషికే దిగే చోటు గురించి అంత పట్టింపు వుంటే, కారులో ఇద్దరే బయలుదేరే దంపతులకు ఎంత వుండాలి?

పిల్లలు చదువులు ముగించుకుని ఎవరి ఉద్యోగాలకు వారు వెళ్ళిపోయారు. వాకిట్లో కారున్నది. అయిదారు రోజులు సెలవు దొరికింది. “ఎక్కడికైనా వెళ్ళివద్దామా?” అని ఆయన అంటారు. వెంటనే ఫోనులో పటం తెరిచి, కాగితం మీద ఊళ్ళ పేర్లు వరసగా రాయడం మొదలుపెడతారు. తొమ్మిది పేర్లు రాసి, “ఏమంటావు?” అని ఆవిడకు చూపిస్తారు. ఆవిడ “మీ ఇష్టం” అంటుంది. సగం ప్రయాణాలు అక్కడే చెడుతున్నాయి.

“మీ ఇష్టం” అంటే ఏమిటి?

ఆ మాటకు ఒప్పుకున్నానని అర్థం కాదు. చాలా ఇళ్ళలో ఇల్లాలికి యాత్ర అంటే వంటిల్లు ఊరు మారడమే. అత్తమామలతో తిరుపతి వెళ్ళినా, పిల్లలతో భద్రాచలం వెళ్ళినా, పులిహోర కలిపిందీ, తడిబట్టలు ఆరవేసిందీ, మందులు మరిచిపోకుండా సర్దిందీ ఆవిడే. అందరూ ఊళ్ళు చూశారు. ఆవిడ అందరినీ చూసుకున్నది. కనుక ఇరవై ఏళ్ళ తరువాత ఇద్దరే వెళ్ళే మొదటి ప్రయాణంలో ఆవిడకు కావలసింది తొమ్మిది ఊళ్ళు కాకపోవచ్చు. పొద్దున్నే ఎవరో కాఫీ తెచ్చి ఇస్తే వరండాలో కూర్చుని తాగడమే కావచ్చు.

దీనికొక ఉపాయమున్నది. ఇద్దరూ విడివిడిగా రెండు కాగితాలు తీసుకోండి. తప్పక చూడాలనుకున్నవి మూడు, బొత్తిగా వద్దనుకున్నది ఒకటి రాయండి. తరువాత కాగితాలు మార్చుకోండి. ఆయన కోటలూ గుహలూ అని రాసి, ఆవిడ “మెట్లు వద్దు” అని రాస్తే, ఆ సంగతి బయలుదేరక ముందు తెలియడం మంచిదా, కొండ మొదట్లో తెలియడం మంచిదా?

పగళ్ళు కాదు, రాత్రులు లెక్కించండి

హైదరాబాదు నుంచి రాయలసీమకు కారులో వెళ్ళివచ్చే దంపతుల సంగతి మాట వరసకు తీసుకుందాం. కార్తీకం నుంచి మాఘం దాకా ఆ ప్రాంతపు ఎండ ఓర్చుకోదగినట్టు వుంటుంది. వేసవిలో బండరాళ్ళ మధ్య తిరగడం ఎవరికీ మంచిది కాదు. కార్తీక సోమవారాలు, శివరాత్రి, సంక్రాంతి సెలవులు మాత్రం తప్పించుకోండి. అప్పుడు జనమూ యెక్కువ, గది దొరకడమూ కష్టం.

ఆరు రాత్రులు చేతిలో వున్నాయనుకోండి. మొదటి రోజు 44వ జాతీయ రహదారి మీద కర్నూలుకు వెళ్ళాలి. సుమారు 210 కిలోమీటర్లు. కర్నూలు చేరేముందే పక్కకు తిరిగి అలంపురం చూడవచ్చు. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయాలను తీరికగా చూడాలంటే రెండు గంటలు పడుతుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో మునగవలసిన కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి నిలబెట్టింది ఇక్కడే. ఆ రాత్రి కర్నూలులో.

రెండో రోజు బనగానపల్లె మీదుగా యాగంటి. ఊరి పేరున్న మామిడిపండు ఆ కాలంలో దొరకదు గాని, కొండ నుంచి వచ్చి పుష్కరిణిలో పడే నీళ్ళు చూస్తే ప్రాణం లేచివస్తుంది. అక్కడి నందిని యెదుగుతున్న బసవన్న అంటారు. అక్కడి నుంచి బెలూం గుహలు. ఈ గుహల సంగతి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు లోకానికి తెలియజేశాడు. 1982-83లో డేనియల్ గెబవర్ అనే జర్మను పరిశోధకుడి బృందం లోపల తిరిగి వివరాలు సేకరించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులు వెళ్ళగలిగింది అందులో దాదాపు సగం. లోపల దీపాలున్నాయి గాని ఉక్కగా వుంటుంది, చెమట పోస్తుంది. కొన్ని చోట్ల వంగి నడవాలి. ఆయాసం, మోకాళ్ళ నొప్పి వున్నవారు మెట్ల దగ్గరే నిర్ణయించుకోవాలి. సాయంత్రానికి గుహలు మూసివేస్తారు కనుక యాగంటిలో యెక్కువసేపు ఆగితే ఇది పోతుంది. రెండింటిలో ఒకటే చూసినా నష్టం లేదు.

ఆ రాత్రికి జమ్మలమడుగు మీదుగా గండికోట. ఇక్కడ రెండు రాత్రులు వుండాలి. పెన్నానది యెర్రటి రాళ్ళను కోసుకుంటూ పోయిన ఆ లోయను మధ్యాహ్నపు యెండలో పది నిమిషాలు చూసి, ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవారు దాన్ని చూసినట్టు కాదు. పొద్దు పొడిచేటప్పుడు ఒక రంగు, పొద్దు వాలేటప్పుడు మరొక రంగు. కోట లోపల మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామా మసీదు, పెద్ద ధాన్యాగారం వున్నాయి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 1652లో మీర్ జుమ్లా దీనిని పట్టుకున్నాడు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ యేడే ఇక్కడికి వచ్చి ఆయనను కలిశాడు.

నాలుగో రాత్రి అనంతపురం. దారిలో తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వేంకటరమణాలయం, రెండూ విజయనగర శిల్పుల చేతి పనితనానికి సాక్ష్యాలు. అయిదో రాత్రి లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలపు వీరభద్రాలయంలో పైకప్పు మీది చిత్రాలు మెడ నొప్పి పుట్టేదాకా చూడవలసినవి. ఊరి మొదట్లోని ఏకశిలా నంది 27 అడుగుల పొడవున్నా, మెడలోని గంటలపట్టెడ నిన్న చెక్కినట్టుంటుంది. ఆరో రాత్రి తిరుగుదారిలో మళ్ళీ కర్నూలు. లేపాక్షి నుంచి ఒక్క బిగిన హైదరాబాదు చేరాలనుకోకండి. అది 470 కిలోమీటర్ల పైమాట.

మహానంది, అహోబిలం, తిమ్మమ్మ మర్రిమాను వదిలివేశామేమని అడుగుతారు. మరొక యేడాదికి మిగిల్చాం.

గది కుదుర్చుకునే ముందు

గండికోటలోనూ, లేపాక్షిలోనూ పర్యాటకాభివృద్ధి సంస్థవారు వసతి గృహాలు కట్టారు. కర్నూలు, అనంతపురాలలో హోటళ్ళకు కొదవ లేదు. క్షేత్రాలలో దేవస్థానం వారి గదులూ, సత్రాలూ వుంటాయి. రోడ్లు భవనాల శాఖవారి అతిథిగృహాలు చౌకగా, విశాలంగా వుంటాయి గాని, అవి మొదట సర్కారు పని మీద వచ్చే అధికారులవి. అధికారి వస్తే మీ గది పోవచ్చు. వాటి మీదే ఆధారపడి బయలుదేరకూడదు.

ఫోనులో బొమ్మలు చూసి డబ్బు కట్టిన తరువాత కూడా హోటలుకు ఒకసారి ఫోను చేసి మాట్లాడండి. గది ఏ అంతస్తులో? లిఫ్టు వున్నదా? కూర్చునే మరుగుదొడ్డేనా? వేన్నీళ్ళు ఏ వేళకు వస్తాయి? కారు లోపల పెట్టుకోవచ్చునా? రాత్రి భోజనం ఎన్ని గంటల దాకా? గది ఖాళీ చేయడం మధ్యాహ్నానికా, వచ్చిన వేళ నుంచి ఇరవైనాలుగు గంటలకా? రాకపోతే కట్టిన సొమ్ము తిరిగి ఇస్తారా? ఇంతకంటే యెక్కువ అడగనక్కరలేదు. ఇంతకంటే తక్కువ అడిగితే రాత్రి తొమ్మిదింటికి గుమాస్తాతో వాదన తప్పదు. ఇద్దరి గుర్తింపు కార్డులూ చేతిసంచీలో వుండాలి.

బండీ, మనిషీ

పటం మూడు గంటలంటే మీరు నాలుగున్నర అనుకోండి. టీకి ఆగుతారు, గొర్రెల మంద అడ్డం వస్తుంది, దారి తప్పుతారు. రోజుకు అయిదు గంటలకు మించి చక్రం పట్టకూడదు. పొద్దు గూకేలోగా దిగవలసిన చోటికి చేరాలి. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే రద్దీ వుండదని కొందరు గొప్పగా చెబుతారు. కన్ను మూతపడేది కూడా ఆ వేళే. ఆవిడకు కారు నడపడం వస్తే గంటకొకసారి చేతులు మార్చుకోండి. ఆయన పక్కన కూర్చుని బ్రేకు లేని చోట కాలు తొక్కకుండా వుంటే చాలు.

టైర్లలో గాలి, స్టెప్నీ, జాకీ, బీమా కాగితం, ఫాస్టాగులో డబ్బు, ఇవి ముందు రోజే చూసుకోవాలి. కొండల మధ్య ఫోను పలకని చోట్లుంటాయి కనుక మజిలీల పేర్లూ, హోటళ్ళ నెంబర్లూ కాగితం మీద రాసి ఒక ప్రతి పిల్లలకు పంపండి. రక్తపోటు మాత్రలు రెండు రోజులకు అదనంగా తీసుకోండి. వాటిని ఎవరివి వారే సర్దుకోవాలి.

ఖర్చు కూడా రాత్రుల లెక్కనే వేయండి. ఒక రాత్రి గదికీ, ఆ రోజు తిండికీ, పెట్రోలుకూ ఎంతవుతుందో చూసి ఆరుతో హెచ్చించి, దాని మీద అయిదో వంతు కలిపి విడిగా వుంచండి. ఆ అయిదో వంతు బండి చెడితే పనికివస్తుంది. చెడకపోతే ధర్మవరంలో ఆగినప్పుడు పనికివస్తుంది. అక్కడ పట్టుచీరల మగ్గాలున్న సంగతి ఆవిడకు మనం చెప్పనక్కరలేదు.

గండికోటలో మూడో రోజున ఎక్కడికీ వెళ్ళవలసిన పని లేదు. ఆ రోజును ఊరికే పోనివ్వడమెందుకని మరొక ఊరు ఇరికించబోకండి. ఇంట్లో వుండగా పాలవాడు, కరెంటు బిల్లు, పిల్లల ఫోను, వీటి మధ్య చెప్పుకోలేకపోయిన మాటలు ఇద్దరి దగ్గరా ఎన్నో వుంటాయి. వాటికి కూడా ఒక మజిలీ కావాలి.