ఉచితంగా వస్తానన్న రెండెకరాలు, బడికి కావలసిన చోటు

మన బాలికల హైస్కూలుకు సొంత భవనం ఉండాలన్న మాట సర్వసభ్య సమావేశాల్లో చాలాకాలంగా వినిపిస్తూనే ఉంది. కిందటి రమజాన్‌లో ఒక హాజీసాబ్ కమిటీని ఇంటికి పిలిచారు. ఇఫ్తార్ అయ్యాక, ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న తన రెండెకరాల పొలం బడికి ఇచ్చేస్తానన్నారు. అందరం అల్‌హందులిల్లాహ్ అన్నాం. నాలుగు నెలలు తిరక్కముందే అదే కమిటీ మళ్లీ ఆయన ఇంటికి వెళ్లి, ఆ స్థలం బడికి వద్దని చెప్పి వచ్చింది. ఈ సంగతి తెలిసి కొందరు దాతలు నొచ్చుకున్నారు. పైసా ఖర్చు లేకుండా వచ్చే భూమిని కాదని ఊళ్లో ఖరీదైన స్థలం కోసం చందాలు అడగడం ఏమిటన్నారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఇక్కడ రాస్తున్నాం.

పదిమంది సొమ్ముతో కట్టేది కనుక గ్రీన్ బిల్డింగ్ పద్ధతిలో కట్టండి, కరెంటు బిల్లూ నీటి ఖర్చూ తగ్గుతాయి అని ఒక ఇంజినీరు సోదరుడు సలహా ఇచ్చారు. గ్రీన్ బిల్డింగ్ అంటే పైకప్పు మీద సోలార్ పలకలు, పెరట్లో ఇంకుడు గుంత అనుకున్నాం. నిబంధనల పుస్తకం తెరిస్తే మొదటి అధ్యాయాల్లో పలకల ఊసే లేదు. ఎక్కడ కడుతున్నారు, చుట్టూ ఏముంది, పిల్లలు ఎలా వస్తారు అన్న ప్రశ్నలే ఉన్నాయి.

ఈ సర్టిఫికెట్లు మనకు కొత్తవేమీ కావు. అమెరికాలో పుట్టిన లీడ్ పద్ధతిలో అన్నిటికంటే పై మెట్టయిన ప్లాటినం గుర్తింపును ఆ దేశం వెలుపల మొదట పొందిన కట్టడం మన హైదరాబాద్‌లోనే ఉంది. హైటెక్ సిటీ దగ్గరి సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లో ఆ గుర్తింపు వచ్చింది. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. మన పాత కట్టడాల్లో కనిపించే జాలీ గోడలు అందులోనూ ఉన్నాయి. మన దేశపు సొంత పద్ధతులు నడిపే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ కార్యాలయమూ అక్కడే. మేము మాత్రం లీడ్ నాలుగో వెర్షన్‌లో బడుల కోసం పెట్టిన నిబంధనలనే ఎక్కువగా చదివాం. బడి గురించి అందులో ప్రత్యేకంగా చెప్పారు కాబట్టి.

మొదట నేల సంగతి. మంచి సాగుభూమిలో, వరద ముంపు ఉండే చోట, నీటి వనరుకు 30 మీటర్ల లోపల, చిత్తడి నేలకు 15 మీటర్ల లోపల కట్టవద్దని, ఇంతకుముందే కట్టడాలున్న జాగా అయితే మేలని ఆ పద్ధతి చెబుతుంది. హాజీసాబ్ పొలం రెండు పంటలు పండే నేల. తూర్పు హద్దు చెరువు శిఖం భూమిని ఆనుకుని ఉంది. వేసవిలో చూస్తే చెరువు ఎక్కడో దూరాన ఉన్నట్టుంటుంది. చిన్నప్పుడు ఆ తాటిచెట్ల దాకా నీళ్లు రావడం చూశానని హాజీసాబే చెప్పారు. గ్రీన్ సర్టిఫికెట్ సంగతి అటుంచినా, 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి.

ఇది కాగితాల మీది భయం కాదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. పల్లె చెరువు తెగినప్పుడు అలీ నగర్ మునిగింది. అక్కడివాళ్లు మనకు బంధువులు, వియ్యంకులు. ఆ ఇళ్ల బురద ఎత్తడానికి మన ఊరి కుర్రాళ్లు వెళ్లి వచ్చారు.

ఇక్కడే ఒక మాట. భూమిని ఒకసారి వక్ఫ్ చేశాక దాన్ని అమ్ముకోవడానికి వీలుండదు, ఇచ్చిన ఉద్దేశం దాటి వాడుకోవడమూ కుదరదు. ఎప్పటికీ పుణ్యం అందే సదఖయె జారియా కావాలన్నదే దాత కోరిక. కానీ నీళ్లొచ్చే చోట బడి పేరుతో వక్ఫ్ రాయించుకుంటే, ఆ తర్వాత కట్టలేమూ, వదులుకోలేమూ. అందుకే రాతకోతలకు ముందే చూడవలసినవన్నీ చూశాం.

నేల కన్నా మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది దూరం. బడికి పాయింట్లు ఇచ్చేటప్పుడు లీడ్ ఒక లెక్క అడుగుతుంది. ఎనిమిదో తరగతి లోపు పిల్లలైతే 1200 మీటర్ల నడకలో, తొమ్మిది, ఆపై తరగతులవారైతే 2400 మీటర్ల నడకలో కనీసం సగం మంది ఇళ్లు ఉండాలి. మన అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకుని, తొమ్మిదో తరగతి అమ్మాయిల చేత ఊరి మ్యాపు మీద ఒక్కో ఇంటికి ఒక్కో చుక్క పెట్టించాం. చుక్కలన్నీ పాత మార్కెట్ చుట్టూ గుత్తిగా పడ్డాయి. హాజీసాబ్ పొలం వైపు ఒక్క చుక్క కూడా లేదు. అటు వెళ్లే బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

పాతవారికి గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు అద్దె తక్కువని మన బడిని బైపాస్ అవతలికి మార్చాం. ఆ ఏడు ఎనిమిది, తొమ్మిది తరగతుల హాజరు పట్టీల్లో కొన్ని పేర్ల మీద ఎర్రగీతలు పడ్డాయి. ఇంటికి వెళ్లి అడిగితే ఒక తల్లి, ఆటోలో ఒంటరిగా పంపలేనమ్మా అంది. చదువు వద్దని ఆమె అనలేదు. తర్వాతి ఏడు బడిని వెనక్కి తెచ్చినా ఆ పిల్లలు తిరిగి రాలేదు.

ఇప్పుడు చూస్తున్నది పాత మార్కెట్ వెనక మూతపడిన బియ్యం మిల్లు స్థలం. పదకొండు వందల గజాలు. నడిచి వెళ్లగల 800 మీటర్లలో ఎనిమిది రకాల రోజువారీ అవసరాలు ఉంటే లీడ్‌లో ఆ అంశానికి పూర్తి పాయింట్లు వస్తాయి. మస్జిద్, పోస్టాఫీసు, బ్యాంకు, గ్రంథాలయం, మందుల దుకాణం, కిరాణా, కూరగాయల అంగడి, దవాఖానా అన్నీ అక్కడ ఉన్నాయి. ఒక రకానివి రెండుకు మించి లెక్కలోకి రావట. ఆ వీధిలో బిర్యానీ హోటళ్లు ఎన్ని ఉన్నా మనకు పనికొచ్చేవి రెండే.

బస్టాపు దగ్గర మాత్రం బోల్తా పడ్డాం. 400 మీటర్ల లోపు ఉండాలి, పని దినాన కనీసం 72 ట్రిప్పులు నడవాలి. ట్రిప్పులకు లోటు లేదు. ఫోన్‌లో చూస్తే దూరం 250 మీటర్లు చూపించింది. పిల్లలు టేపు పట్టి నడిచి కొలిస్తే 560 వచ్చింది. ఫోన్ కొలిచింది గోడల మీదుగా. లెక్కకు వచ్చేది కాళ్లు నడిచే దారి. మిల్లు వెనక గోడకు ఒక తలుపు పెట్టగలిగితే ఆ దారి 330 మీటర్లు అవుతుంది. ఆ తలుపు బడివేళల్లో తెరిచి ఉండాలి, తాళం వేసి ఉంచితే లెక్కకు రాదు.

మిల్లు స్థలం నిర్దోషమైనదని చెప్పడం లేదు. బడి కట్టే చోట మట్టి ఏ విషపదార్థాలతోనూ పాడవలేదని ముందుగా తేల్చుకోవడం లీడ్‌లో పాయింట్ల కోసం కాదు, తప్పనిసరి షరతు. అక్కడ ఏళ్ల తరబడి డీజిల్ ఇంజిను నడిచింది, నేల మీద నూనె మరకలు ఇప్పటికీ ఉన్నాయి. పైకప్పు ఆస్‌బెస్టాస్ రేకులు. వాటిని పగలగొట్టకుండా, తడిపి, జాగ్రత్తగా దించాలి. దానికి వేరే ఖర్చు ఉంది. కట్టుబడి సాగేటప్పుడు మట్టి వీధి కాలువలోకి కొట్టుకుపోకుండా, దుమ్ము ఇరుగుపొరుగు ఇళ్లలోకి లేవకుండా చూడటమూ తప్పనిసరే. ఆవరణలో రెండు పాత వేపచెట్లున్నాయి. కాంట్రాక్టరు వాటిని కొట్టేస్తే ఇంకో తరగతి గది వస్తుందన్నాడు. ప్లాను మార్చమన్నాం.

వార్షికోత్సవానికి కార్లు ఎక్కడ పెట్టుకోవాలని ఒక సభ్యుడు అడిగారు. పార్కింగ్ ఎంత తగ్గిస్తే అంత మంచిదంటుంది ఈ పద్ధతి. ఏడాదికి ఒక్కరోజు మనం ఈద్గా మైదానంలో ఆపుకుని నడిచి రావచ్చు. ఆ జాగాలో పిల్లల సైకిళ్లకు స్టాండు వస్తుంది.

సర్టిఫికెట్ తీసుకుంటామా అంటే ఇంకా నిర్ణయించలేదు. రిజిస్ట్రేషన్ ఫీజు, కన్సల్టెంటు ఖర్చు కలిపితే ఒక సైన్సు ల్యాబు సామాను వస్తుందేమోనన్న వాదన కమిటీలో ఉంది, అందులో న్యాయమూ ఉంది. స్థలం ఎంచుకోవడానికి మాత్రం ఆ పుస్తకంలోని ప్రశ్నలనే వాడుకున్నాం, వాటికి ఫీజు లేదు. మిల్లు స్థలం కోసం వసూలు చేసేది వేరే ఖాతాలో ఉంటుంది. జకాత్ సొమ్ము అందులో కలవదు.

హాజీసాబ్ ముందు బాధపడ్డారు. మ్యాపు మీది చుక్కలు చూపించాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ చుక్కల్లో తన మనవరాలి ఇల్లు ఏదని అడిగారు. చూపించాం. పొలం సేద్యంలోనే ఉంచి, ఏటా కౌలు డబ్బు బడికి ఇస్తానన్నారు.

మట్టి నమూనాలు ల్యాబుకు పంపాం. రిపోర్టు వచ్చాకే అడ్వాన్సు ఇస్తామంటే మిల్లు యజమాని ఒప్పుకున్నారు. వెనక గోడ తలుపు సంగతి ఇంకా తేలలేదు. అది పక్కింటివారితో ఉమ్మడి గోడ. వచ్చే జుమా తర్వాత వాళ్లింటికి వెళ్లి మళ్లీ అడగబోతున్నాం.