త్రిమితీయ ఆకారాలు: అవగాహన, చిత్రణ

త్రిమితీయ ఆకారం అనగా పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు కొలతలు గల ఆకారం. దీనినే ఘనాకృతి అని కూడా అంటారు. సమఘనం, దీర్ఘఘనం, పట్టకం, పిరమిడ్, స్తూపం, శంఖువు, గోళం పాఠశాల రేఖాగణితంలో తరచుగా కనిపించే ఘనాకృతులు. కాగితానికి ఉన్నవి రెండు కొలతలే గనుక ఘనాకృతిని దానిమీద ఉన్నదున్నట్లుగా గీయడం సాధ్యం కాదు. ఏ పద్ధతిలో గీసినా కొన్ని పొడవులో, కొన్ని కోణాలో, కొన్ని ముఖాలో నష్టపోక తప్పదు. ఏది నిలిచినది, ఏది పోయినది అని తెలుసుకొనడమే ఈ పాఠంలో అసలు విషయం.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు చాలావరకు హైదరాబాదు నడిబొడ్డున, ఒకదానికొకటి నడక దూరంలో ఉన్న ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల నుండి తీసుకొనబడినవి. ఇతర ప్రాంతాల విద్యార్థులు తమ ఊరి రైలు స్టేషనును, సంతను, గుడి గోపురాన్ని ఉదాహరణగా పెట్టుకొని చదువుకొనవచ్చును.

ముఖాలు, అంచులు, శీర్షాలు

మొజంజాహీ మార్కెట్ పరిసరాలలోని బేకరీలలో బిస్కట్లు అట్టపెట్టెలో పెట్టి ఇస్తారు. ఆ పెట్టె ఒక దీర్ఘఘనం. దాని చదునైన తలాలను ముఖాలు అని, రెండు ముఖాలు కలిసే గీతను అంచు అని, అంచులు కలిసే మూలను శీర్షం అని అంటారు. పెట్టెకు 6 ముఖాలు, 12 అంచులు, 8 శీర్షాలు ఉంటాయి. చతురస్ర భూమి గల పిరమిడ్‌కు 5 ముఖాలు, 8 అంచులు, 5 శీర్షాలు. త్రిభుజాకార పట్టకానికి 5, 9, 6.

శీర్షాల సంఖ్య నుండి అంచుల సంఖ్య తీసివేసి, ముఖాల సంఖ్య కలిపితే ప్రతిసారీ 2 వస్తుంది. స్విట్జర్లాండులో పుట్టిన గణితవేత్త లియొనార్డ్ ఐలర్ ఈ సంగతిని 1750లో గోల్డ్‌బాక్‌కు వ్రాసిన ఉత్తరంలో తెలియజేశాడు. చదునైన ముఖాలు కలిగి, ఎక్కడా లోపలికి నొక్కుకుపోని ఘనాకృతులన్నిటికీ ఇది వర్తిస్తుంది. చిత్రపటం చట్రం వలె మధ్యలో రంధ్రం ఉన్నవాటికి వర్తించదు. స్తూపం, శంఖువు, గోళం వక్రతలాలు గలవి కాబట్టి వాటిని ఈ లెక్కలోకి తీసుకొనరాదు.

సమతలం నుండి ఘనానికి వెళ్ళేటప్పుడు పొరపడడం కొత్తేమీ కాదు. ఆర్యభటుడు 499 ప్రాంతంలో ఆరు అంచుల ఘనాకృతికి, అనగా త్రిభుజాకార పిరమిడ్‌కు, ఘనపరిమాణం భూవైశాల్యం, ఎత్తుల లబ్ధంలో సగం అని చెప్పినట్లు ఆయన శ్లోకానికి సాధారణంగా అర్థం చెబుతారు. సరియైనది మూడవ వంతు. దానిని 628లో బ్రహ్మగుప్తుడు ఇచ్చాడు. త్రిభుజ వైశాల్యంలోని సగం ఘనంలో కూడా సగంగానే ఉంటుందని అనుకోవడం ఎంత సహజమో చూడండి.

వలరూపం

బిస్కట్ల పెట్టెను అంచుల వెంబడి కత్తిరించి బల్లమీద పరిస్తే వచ్చే చదునైన ఆకారమే దాని వలరూపం. ఇందులో ముఖాల పొడవులు, కోణాలు అన్నీ నిజమైనవే. పోయినది ఏ ముఖం పక్కన ఏ ముఖం ఉండేదన్న సంబంధం మాత్రమే, అదీ కొంతవరకే. అందువల్ల ఉపరితల వైశాల్యపు లెక్కలకు ఇంతకంటె మంచి చిత్రం లేదు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1525లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి వలరూపాలను గీసి చూపాడు.

ఆరు సమాన చతురస్రాలను అంచుకు అంచు కలిపి 35 విధాలుగా అమర్చవచ్చును. వాటిలో 11 మాత్రమే మడిస్తే సమఘనం అవుతాయి. పరీక్షలలో ఈ 11లో ఒకదానిని ఇచ్చి మడవమని అడుగుతారు. మిగిలిన 24 ఎందుకు మడవబడవో అడిగితే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారు.

గీసే పద్ధతులు

సమఘనాన్ని గీయమంటే చిన్నతరగతి పిల్లవాడు ఒక చతురస్రం గీసి, దాని పక్కనే మరికొన్ని చతురస్రాలు అతికిస్తాడు. అది తప్పని కొట్టివేయడం వాడుక. నిజానికి ఆ పిల్లవాడు తనకు తెలిసినదే గీశాడు: సమఘనానికి ముఖాలన్నీ చతురస్రాలే కదా. పుస్తకంలోని "సరియైన" బొమ్మలో మాత్రం రెండు ముఖాలు వాలిపోయి ఉంటాయి. ఆ వాలు ఒక ఒప్పందమని ఎవరూ చెప్పకపోతే, తన కన్ను మంచిది కాదని, గణితం తనకు రాదని ఆ పిల్లవాడు అనుకొనే ప్రమాదమున్నది.

ఏటవాలు చిత్రం: గళ్ళ నోటు పుస్తకంలో దీనిని సులభంగా గీయవచ్చును. ముందున్న ముఖాన్ని నిజమైన కొలతలతో గీసి, లోతువైపు అంచులను 45 డిగ్రీల వాలుగా, సాధారణంగా సగం పొడవుతో గీస్తారు. ముందు ముఖం, వెనుక ముఖం నిజమైన ఆకారంలో నిలుస్తాయి; లోతు, పక్క ముఖాల కోణాలు నిలవవు. అంచులన్నిటినీ ఒకే రకం గీతతో గీస్తే బొమ్మ ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు తిరిగినట్లు కనిపిస్తుంది. స్విస్ శాస్త్రజ్ఞుడు లూయీ నెకర్ 1832లో దీనిని స్ఫటికాల బొమ్మలలో గుర్తించాడు. దాగిన అంచులను చుక్కల గీతలతో చూపే అలవాటు ఈ సందేహాన్ని తీరుస్తుంది.

ఐసోమెట్రిక్ చిత్రం: ఇందులో మూడు దిశలకూ సమాన గౌరవం. నిలువు అంచులు నిలువుగానే ఉంటాయి. మిగిలిన రెండు దిశల అంచులు అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో కుడికి, ఎడమకు సాగుతాయి. మూడు దిశలలోనూ ఒకే స్కేలు పనిచేస్తుంది గనుక 4, 3, 2 సెంటీమీటర్ల దీర్ఘఘనం కొలతలను బొమ్మనుండి నేరుగా తీసుకొనవచ్చును. పోయేది లంబకోణం. ప్రతి చతురస్ర ముఖం 60, 120 డిగ్రీల కోణాల సమచతుర్భుజమవుతుంది. దాని కర్ణాలు సమానంగా ఉండవు. కేంబ్రిడ్జ్ ఆచార్యుడు విలియం ఫారిష్ 1822లో యంత్రాల బొమ్మలకోసం ఈ పద్ధతిని వివరించాడు.

ఈ విధంగా గీసిన సమఘనపు వెలుపలి హద్దు ఒక క్రమ షడ్భుజి. మనకు దగ్గరగా ఉన్న శీర్షం, దానికి సరిగ్గా వెనుకనున్న శీర్షం ఒకే బిందువు మీద పడతాయి. కాబట్టి కంటికి కనిపించేవి 7 శీర్షాలు, 9 అంచులు, 3 ముఖాలు. 7 − 9 + 3 = 1. ఐలర్ సూత్రం తప్పిందేమని అడిగే విద్యార్థి మంచి ప్రశ్నే అడిగాడు. దాగిన 1 శీర్షం, 3 అంచులు, 3 ముఖాలు కలిపితే 8 − 12 + 6 = 2 అవుతుంది. దాగినవాటిని కలపకుండా కూడా లెక్క సరిచేయవచ్చును: షడ్భుజి బయట మిగిలిన కాగితాన్నంతా ఒక ముఖంగా తీసుకుంటే 7 − 9 + 4 = 2. బొమ్మ చూపని భాగం ఏదో రూపంలో తన చోటు అడుగుతూనే ఉంటుంది.

గోడ మూలలో మూడు ఘనాలను పేర్చినట్లు కనిపించే బొమ్మను చూపి ఎన్ని ఉన్నవని అడిగితే చాలామంది మూడు అంటారు. పైనున్న ఘనానికి ఆధారంగా కింద మరొకటి ఉండాలి కదా, మొత్తం నాలుగు.

మూడు దృశ్యాలు: ఇల్లు కట్టే మేస్త్రీ చేతిలో ఉండేవి ప్లాను, ఎలివేషను. పైనుండి చూచినట్లు గీసినది ప్లాను, ఎదుటినుండి చూచినట్లు గీసినది ఎలివేషను. 1935లో నిర్మాణం పూర్తయిన మొజంజాహీ మార్కెట్‌ను తీసుకుందాం. దాని గుమ్మటం పైదృశ్యంలో వృత్తం, ముందుదృశ్యంలో వంపు తిరిగిన హద్దు. గడియారం ముందుదృశ్యంలో గుండ్రంగా కనిపిస్తుంది, పైదృశ్యంలో అసలు కనిపించదు. ప్రతి దృశ్యంలోనూ ఒక కొలత పూర్తిగా పోతుంది. మిగిలిన రెండు కొలతలు మాత్రం నిజమైనవి. ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్ కోటల నిర్మాణం కోసం ఈ పద్ధతిని క్రమబద్ధం చేశాడు. కొంతకాలం అది సైనిక రహస్యంగా ఉండి, 1799లో పుస్తకంగా వెలువడినది.

రెండు దృశ్యాలు ఒక్కొక్కసారి చాలవు. పైనుండి వృత్తం, ముందునుండి చతురస్రం అంటే వెంటనే స్తూపం అంటాం. కాని ఎత్తు, వ్యాసం సమానంగా ఉన్న ముల్లంగి ముక్కను తీసుకొని, పైన మధ్యగా ఒక వ్యాసం గీసి, ఆ గీతనుండి రెండువైపులా కింది అంచువరకు ఏటవాలుగా కోయండి. పైనుండి వృత్తమే, ముందునుండి చతురస్రమే, పక్కనుండి మాత్రం త్రిభుజం. పాలిటెక్నిక్‌లో చేరినవారికి మరొక చిక్కు ఎదురవుతుంది: భారతదేశంలో పైదృశ్యాన్ని ముందుదృశ్యం కింద గీస్తారు, అమెరికాలో దానికి పైన గీస్తారు.

పర్‌స్పెక్టివ్ చిత్రం: 1907లో ప్రారంభమైన నాంపల్లి స్టేషనులో పట్టాలు ఆగిపోతాయి. ఆ చివర నిలబడి చూస్తే పట్టాలు దూరాన కలుస్తున్నట్లు కనిపిస్తాయి. నిజానికి వాటి మధ్య ఎడం అంతటా 1,676 మిల్లీమీటర్లే. కన్ను, కెమెరా చూచే తీరు ఇదే. దీని సూత్రాలను ఇటలీలో ఆల్బెర్టి 1435లో గ్రంథస్థం చేశాడు. సమాంతరాలు సమాంతరాలుగా నిలవవు, కొలతలు తీసుకొనడం కష్టం. అందుచేత గణిత పాఠాలలో దీని వాడకం తక్కువ.

వక్రతలాలు

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జనవరిలో నుమాయిష్ మొదలవుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఆరంభమైన ఈ ప్రదర్శన తరువాత ఈ మైదానానికి మారినది. అక్కడి జెయింట్ వీల్‌ను ఎదుటినుండి చూస్తే వృత్తం, పక్కకు జరుగుతూ పోతే దీర్ఘవృత్తం, పూర్తిగా పక్కనుండి చూస్తే ఒక నిలువు పట్టీ. స్తూపం మూతను దీర్ఘవృత్తంగా గీయడానికి కారణం ఇదే. విద్యార్థులు ఆ దీర్ఘవృత్తం చివరలను ఆకు మొనల వలె గీస్తారు. అది తప్పు, వంపు ఎక్కడా తెగరాదు. అడుగుభాగాన్ని సరళరేఖగా గీయడం మరొక పొరపాటు. ముందు సగం నిండుగీత, వెనుక సగం చుక్కలగీత ఉండాలి. శంఖువు పక్కగీతలు దీర్ఘవృత్తాన్ని స్పర్శరేఖలుగా తాకాలి, దాని చివరి బిందువులకు కాదు. గోళానికి ఎటుచూచినా వృత్తమే హద్దు. అది పళ్ళెం కాదని తెలియడానికి నడుమ ఒక దీర్ఘవృత్తం గీస్తారు.

ఈ శక్తి అభ్యాసంతో వస్తుందా?

రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్లర్ 1971లో జరిపిన ప్రయోగంలో, తిప్పివేసిన రెండు ఘనాకృతుల బొమ్మలు ఒకే వస్తువువా కాదా అని చెప్పడానికి పట్టే కాలం తిప్పిన కోణాన్నిబట్టి పెరిగినది. అనగా మనసులో వస్తువును నిజంగా తిప్పుతున్నట్లే కాలం పడుతుంది. తడుముకొనే విద్యార్థికి కొంచెం వ్యవధి ఇవ్వడం న్యాయం. డేవిడ్ ఉట్టల్ బృందం 2013లో 217 అధ్యయనాలను కలిపి పరిశీలించి, ఈ సామర్థ్యం శిక్షణతో మెరుగుపడుతుందని, ఆ మెరుగుదల నిలుస్తుందని తేల్చినది.

సాధనాలకు పెద్ద ఖర్చు లేదు. సబ్బు బిళ్ళ, అగ్గిపెట్టె, ముల్లంగి చాలు. వస్తువును చేతిలో పట్టుకొని పై నాలుగు పద్ధతులలోనూ గీసి, ప్రతి బొమ్మ కింద "ఇందులో నిజమైన కొలతలు ఇవి" అని వ్రాయించాలి. ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటల మీద అమ్మే పాత పుస్తకాలలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ పుస్తకాలు దొరికితే, వెనుకటి విద్యార్థులు పెన్సిలుతో గీసిన గీతలతో సహా అవి బాగా ఉపయోగపడతాయి.