బీజం, గర్భం, బిడ్డ అవధానం

పుదుచ్చేరి పట్టణంలోని తేంగాయితిట్టు వద్ద, అరియాంకుప్పం నది సముద్రాన్ని చేరే ప్రాంతంలో, మడచెట్లు పెరుగుతాయి. మడజాతులలో కొన్నింటి విత్తనాలు తల్లిచెట్టును వీడకముందే మొలకెత్తుతాయి. అట్టి మొలకలో విత్తనం పాలెంత, తల్లిచెట్టు పాలెంత అని విడదీయడం సులభం కాదు. మన పిల్లల విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతున్నది. తరగతిలో కుదురుగా కూర్చోలేని, చెప్పినది చివరిదాకా వినలేని బిడ్డను చూసి 'తండ్రి పోలిక' అంటాం. లేదా 'కడుపుతో ఉన్నప్పుడు తల్లి జాగ్రత్త పడలేదు' అంటాం. ఈ రెండవ మాట ఎందరు తల్లులను క్రుంగదీసినదో!

ఇట్టి పిల్లలను గురించి 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే వైద్యుడు ఉపన్యసించారు. నేడు ఈ స్థితిని ఏడీహెచ్‌డీ, అనగా అవధాన లోపం, అతిచంచలత అని వ్యవహరిస్తున్నారు. కవలలపై జరిగిన అధ్యయనాల సగటును బట్టి, ఈ విషయంలో వ్యక్తుల మధ్య కనిపించే తేడాలలో సుమారు 74 శాతం జన్యుభేదాలకు సంబంధించినవి. ఈ అంకెను అపార్థం చేసుకోరాదు. కాంక్రీటు దిమ్మె బలం మిశ్రమ నిష్పత్తి పైనా, క్యూరింగు పైనా ఆధారపడుతుంది. అనేక దిమ్మెలను పోల్చి తేడాలకు కారణాలు చెప్పగలం. ఒక్క దిమ్మెను చూపి దాని బలంలో ఎవరి వాటా ఎంతో చెప్పలేం. బిడ్డ విషయమూ అంతే. పైగా దీనికి మూలమైన ఏకైక జన్యువంటూ లేదు. 2023లో ప్రచురితమైన ఒక పరిశోధన జన్యుపదార్థంలో 27 స్థానాలను గుర్తించినది. ఒక్కొక్కదాని ప్రభావం స్వల్పమే.

ఇక గర్భస్థ పరిస్థితులు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలలో ఈ సమస్య అధికం. గర్భిణి పొగ త్రాగడంతోనూ దీనికి సంబంధం కనిపించినది. అయితే పొగ అలవాటుకూ కొంత జన్యుబలం ఉన్నది. ఆ జన్యువులే బిడ్డకూ సంక్రమించవచ్చును. మరి కారణం పొగా, జన్యువా?

దీనిని తేల్చుటకు బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన అనితా థాపర్ బృందం కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లలను పరిశీలించి, 2009లో ఫలితాలను ప్రకటించినది. వారిలో కొందరు దాతల అండంతో, మోసిన తల్లితో జన్యుబంధం లేకుండా జన్మించినవారు. తల్లి పొగ త్రాగినచోట బిడ్డ బరువు తగ్గడం ఇరువర్గాలలోనూ కనిపించినది. అవధాన లోప లక్షణాలతో సంబంధం మాత్రం జన్యుబంధం ఉన్న తల్లీబిడ్డలలోనే బలంగా తేలినది.

కనుక గర్భిణి పొగకు, మద్యానికి దూరంగా ఉండవలసిందే. ఆమె పోషణ, వైద్యపరీక్షలు కుటుంబమంతటి బాధ్యత. కాని బిడ్డ చంచలతకు తల్లిని దోషిగా నిలుపుటకు విజ్ఞానశాస్త్రం అనుమతించదు. తన జన్యువులను ఎంచుకొని బిడ్డకిచ్చే శక్తి ఏ తల్లికీ, ఏ తండ్రికీ లేదు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో గుర్తించవలసిన లోపాల జాబితాలో ఇదీ ఉన్నది. అనుమానం కలిగినప్పుడు దండన మాని వైద్యుని సంప్రదించడం మేలు. సకాలంలో అందిన శిక్షణ, అవసరమైనచో ఔషధం, ఇంటివారి ఓర్పు ఆ బిడ్డ చదువును నిలబెట్టగలవని మనం మరువరాదు.